షుగర్ వచ్చిన తొలి ఏళ్లలో ఒళ్లు తనంతట తాను బాగుపడుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు 2021లో, 43వ ఏట షుగర్ బయటపడింది. పరగడుపున 164, మూడు నెలల సగటు 7.9. మా నాన్నకి ఇరవై ఏళ్ల పాటు ఉండేది, ఆయన చివరి నాలుగేళ్లు ఎలా గడిచాయో దగ్గరుండి చూసినవాణ్ని కాబట్టి ఆ రిపోర్టు చేత్తో పట్టుకుని ల్యాబ్ బయట బండి మీదే చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ తర్వాత దొరికిందల్లా చదివాను, వెళ్లిన ప్రతిసారీ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఏడు నెలల్లో 78 కిలోల నుంచి 67కి వచ్చాను, ఆయనే మందు ఆపించారు, ఇప్పటికీ మందు లేకుండానే ఉన్నాను. బంధువులు, తోటి ఉద్యోగులు నన్ను పదే పదే అడిగేవి ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను. మందుల జోలికి మాత్రం మీ డాక్టరుతో మాట్లాడకుండా వెళ్లొద్దు.

ఒకసారి షుగర్ వస్తే ఇక జీవితాంతం అంతేనా?

చాలాకాలం అందరూ అదే అనుకున్నారు, డాక్టర్లతో సహా. ఏటేటా కాస్త పెరుగుతూనే ఉంటుంది, మాత్ర ఒకటి రెండవుతుంది, చివరికి ఇన్సులిన్. నాన్న విషయంలో అచ్చంగా అలాగే జరిగింది.

ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీలో రాయ్ టేలర్ అనే డాక్టరు బృందం 2011లో ఒక చిన్న పరిశోధన ప్రచురించింది. షుగర్ వచ్చి నాలుగేళ్లు దాటని 11 మందికి మందులు ఆపేసి, ఎనిమిది వారాల పాటు రోజుకి 600 కేలరీల ఆహారం మాత్రమే ఇచ్చారు. మొదటి వారం పూర్తయ్యేసరికే పరగడుపు షుగర్ సగటున 166 నుంచి 106కి దిగింది. ఒక్క వారంలో! ఆ లెక్క మొదటిసారి చదివినప్పుడు నేను నమ్మలేదు, మళ్లీ వెనక్కి వెళ్లి చదివాను. పదకొండు మంది చాలా తక్కువే, కానీ తర్వాత జరిగిన పెద్ద పరిశోధనలు కూడా అదే దారిలో నడిచాయి. కాబట్టి టైప్ 2 షుగర్, అంటే పెద్దవాళ్లలో ఎక్కువగా వచ్చే రకం, తొలి ఏళ్లలో వెనక్కి మళ్లగలదు అని ఇవాళ ధైర్యంగా చెప్పొచ్చు. అందరికీ మళ్లుతుందని మాత్రం చెప్పలేం.

అసలు ఒంట్లో పాడయ్యేది ఏమిటి?

ఇది కాస్త ఓపిగ్గా చదవండి, మిగతా జవాబులన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

మనం తిన్నదాంట్లో అప్పటికప్పుడు ఖర్చు కానిది కొవ్వుగా మారి చర్మం కింద నిల్వ ఉంటుంది. అది గాదె లాంటిది, వడ్లు పోసుకోవడానికే కట్టింది, అక్కడ ఉన్నంతవరకు పెద్దగా హాని లేదు. అయితే గాదె అందరికీ ఒకే సైజులో ఉండదు. అది నిండిపోయాక కూడా వడ్లు వస్తూనే ఉంటే వాకిట్లో, వసారాలో, చివరికి పడకగదిలో కూడా పోయాల్సి వస్తుంది కదా, అలాగే మిగిలిన కొవ్వు లివర్లోకి చేరుతుంది. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని రాసేది దాన్నే, ‘అది అందరికీ ఉండేదేలే’ అని మనం పక్కన పెట్టేసేదీ దాన్నే.

రక్తంలో చక్కెరని అదుపులో ఉంచేది ఒంట్లో తయారయ్యే ఇన్సులిన్ అనే హార్మోన్. కొవ్వు పట్టిన లివర్ దాని మాట వినదు. ఇన్సులిన్ ‘చాలు, ఇక చక్కెర వదలొద్దు’ అని చెబుతున్నా అది రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. దాన్ని అదుపు చేయడానికి క్లోమం, అంటే పాంక్రియాస్, ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఇన్సులిన్ ఎక్కువైతే లివర్లో ఇంకా కొవ్వు తయారవుతుంది. ఇలా ఏళ్ల తరబడి తిరిగి తిరిగి, లివర్ నుంచి రక్తంలోకి వెళ్లే కొవ్వు క్లోమంలోకి కూడా చేరుతుంది. అక్కడ ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు ఆ కొవ్వులో నలిగిపోయి పని తగ్గించేస్తాయి. అన్నం తిన్న మొదటి పది నిమిషాల్లో గబగబా విడుదల కావాల్సిన ఇన్సులిన్ రాదు. అదిగో, ఆ దశలో మనకు ల్యాబ్ రిపోర్టులో షుగర్ కనిపిస్తుంది. లివర్లో ఒకటి, క్లోమంలో ఒకటి, ఈ రెండు చక్రాల సంగతి టేలర్ 2008లోనే ఊహించి రాశారు, 2011 పరిశోధన దాన్ని పరీక్షించడానికే చేశారు.

ఇక బాగుపడడం అంటే ఇదే చక్రం వెనక్కి తిరగడం. ఒంటికి బయటనుంచి వచ్చే తిండి తగ్గితే అది ముందుగా ఖర్చు పెట్టుకునేది లివర్లో దాచిన కొవ్వునే. ఆ పదకొండు మందిలో లివర్ కొవ్వు ఎనిమిది వారాల్లో 12.8 శాతం నుంచి 2.9 శాతానికి పడిపోయింది. క్లోమంలో కొవ్వు నిదానంగా తగ్గింది, దానితో పాటే ఆ మొదటి నిమిషాల ఇన్సులిన్ తిరిగి వచ్చింది. వాళ్లకి ఎవరూ లివర్ బాగు చేసే మందు ఇవ్వలేదు. బరువు దించారు, మిగతా పని ఒళ్లే చేసుకుంది.

రాత్రి పెందలాడే తిని పడుకున్నా పొద్దున్నే షుగర్ ఎక్కువ ఎందుకు చూపిస్తుంది?

నేను కూడా ఇదే పట్టుకుని చాలా బాధపడ్డాను. రాత్రి ఏడింటికి రెండు పుల్కాలు తిని పడుకున్నా, పొద్దున ఆరింటికి వేలికి సూది గుచ్చి చూస్తే 150. అసలేమీ తినకపోతే ఎక్కణ్నుంచి వచ్చింది? లివర్ నుంచి. మనం నిద్రపోతున్నప్పుడు మెదడుకి చక్కెర అందించే డ్యూటీ దానిదే, తెల్లవారుజామున ఒంట్లో కొన్ని హార్మోన్లు పెరిగి ఇంకాస్త వదలమంటాయి కూడా. ఆరోగ్యంగా ఉన్న లివర్ కొలిచి వదులుతుంది, కొవ్వు పట్టినది కొలత తప్పుతుంది. అందుకే పరగడుపు నంబరు రాత్రి తిండి గురించి కంటే లివర్ గురించే ఎక్కువ చెబుతుంది. ఆకలితో పడుకుంటే రేపటికల్లా దిగిపోతుందని చూడకండి. లివర్లో కొవ్వు కరుగుతున్న కొద్దీ అది దిగుతుంది, దిగడం మొదలుపెట్టినప్పుడు త్వరగానే దిగుతుంది.

బీటా కణాలు చచ్చిపోతాయంటారు కదా, మళ్లీ పుడతాయా?

పెద్దవాళ్లలో ఆ కణాలు కొత్తగా పుట్టడం చాలా తక్కువ. ఇదే చెప్పి చాలామంది ఆశ వదులుకోమంటారు. అయితే పని చేయని కణాలన్నీ చచ్చిపోయినవి కావు. 2012లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో దొమెనికో అకిలి బృందం ఎలుకల్లో చూసింది ఏమిటంటే, ఒత్తిడిలో ఉన్న బీటా కణాలు చాలావరకు బతికే ఉంటాయి, కానీ ఇన్సులిన్ తయారుచేయడం మానేసి పసికణాల లాంటి స్థితికి వెళ్లిపోతాయి. మనుషుల్లో కూడా, షుగర్ తగ్గినవాళ్లలో ఇన్సులిన్ స్పందన నెలల తరబడి మెరుగవుతూ వచ్చింది, సాధారణం కంటే చిన్నగా, వంకర టింకరగా ఉండే క్లోమం రెండేళ్లలో కొంత పెరిగి మామూలు ఆకారం వైపు వచ్చింది. స్కాన్లలో చూసిన మార్పు అది.

కాబట్టి తొలి ఏళ్లలో చాలా కణాలు అలిసిపోయి పక్కన కూర్చున్నాయి అనుకోండి. బరువు దించితే లేస్తాయి. పదిహేనేళ్లు అలాగే వదిలేస్తే లేచేవి తగ్గిపోతాయి.

షుగర్ తగ్గింది అని ఎప్పుడు అనొచ్చు?

2021లో అమెరికా, యూరప్, బ్రిటన్ డయాబెటిస్ సంఘాలు కలిసి ఒక నిర్వచనం ఇచ్చాయి: షుగర్ మందులన్నీ ఆపి కనీసం మూడు నెలలు గడిచాక, మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 6.5 లోపు ఉంటే దాన్ని రెమిషన్ అంటారు. ‘నయమైంది’ అనే మాట కావాలనే వాడలేదు, తిరిగి వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి. మాత్ర వేసుకుంటూ 6.2 ఉంటే అది మంచి కంట్రోల్, రెమిషన్ కాదు.

ఇంకో మాట, మన ఆడవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది. ఐరన్ లోపంతో రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. నంబరు, ఇంట్లో మీటరు రీడింగులు పొంతన లేకుండా ఉంటే హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి.

ఎంతమందికి ఇలా తగ్గుతుంది?

డైరెక్ట్ అనే పరిశోధన ఉంది, స్కాట్లండ్‌లోనూ ఇంగ్లండ్‌లోని టైన్‌సైడ్‌లోనూ మామూలు కుటుంబ వైద్యుల క్లినిక్కుల్లో చేశారు, 2017 డిసెంబరులో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు, ఇన్సులిన్ వాడనివాళ్లు మొత్తం 306 మంది. సగం మందికి మూడు నుంచి ఐదు నెలలు రోజుకి 825 నుంచి 853 కేలరీల సూపులు, షేకులు, ఆ తర్వాత మెల్లగా మామూలు తిండి. ఏడాది తిరిగేసరికి వాళ్లలో 46 శాతం మంది రెమిషన్‌లో ఉన్నారు, మామూలు చికిత్సలో ఉన్నవాళ్లలో 4 శాతం. 15 కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవాళ్లనే చూస్తే 86 శాతం.

రెండో ఏటికి 46 కాస్తా 36 అయింది. ఐదేళ్లు పూర్తయ్యేసరికి, పరిశీలనలో కొనసాగినవాళ్లలో 13 శాతమే మిగిలారు. ఈ ఆఖరి అంకె చాలామంది చెప్పరు, నేను చెప్పకుండా ఉండలేను. బరువు తిరిగి పెరిగినవాళ్లకి షుగర్ తిరిగి వచ్చింది, లెక్క అంత సూటిగా ఉంది.

షుగర్ వచ్చి పదేళ్లయింది. నాకు లాభం లేదా?

అవకాశం తగ్గుతుంది, పూర్తిగా పోదు. న్యూకాజిల్‌లోనే నాలుగేళ్ల లోపువాళ్లనీ ఎనిమిదేళ్లు దాటినవాళ్లనీ పోల్చి చూస్తే, ఎనిమిది వారాల తర్వాత మొదటి గుంపులో 87 శాతం మందికి పరగడుపు షుగర్ డయాబెటిస్ గీత కిందికి వచ్చింది, రెండో గుంపులో సగం మందికి. మందు పూర్తిగా ఆగకపోయినా మూడు మాత్రలు ఒకటైతే, బీపీ దిగితే, అది చిన్న లాభమేమీ కాదు.

నేను సన్నగానే ఉన్నాను, నాకెందుకు వచ్చింది?

మన దగ్గర ఇది చాలా న్యాయమైన ప్రశ్న. పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్‌కిన్ 2004లో లాన్సెట్‌లో తమ ఫోటో పక్కపక్కన వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు లెక్క, ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చూడ్డానికి ఇద్దరూ సన్నమే! మనవాళ్లలో కండ తక్కువ, గాదె చిన్నది, అందుకే తక్కువ బరువుకే లివర్లోకి పొంగిపోతుంది. చేతులూ కాళ్లూ సన్నగా ఉండి, చొక్కా గుండీల దగ్గర మాత్రం బిగుసుకుపోయే ఒళ్లు మన ఇళ్లలో ఎన్ని లేవు? అందుకే మనకి బీఎంఐ 23 దాటితేనే జాగ్రత్త అంటారు, నడుము మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదంటారు.

శుభవార్త ఏమిటంటే మనం తగ్గాల్సింది కూడా తక్కువే కావచ్చు. 2023లో వచ్చిన రీట్యూన్ పరిశోధనలో పెద్దగా లావు లేని 20 మందిని తీసుకుని, విడతలవారీగా బరువు తగ్గిస్తూ వచ్చారు. ఒంటి బరువులో పదో వంతు దాకా తగ్గేసరికి 14 మందికి షుగర్ వెనక్కి మళ్లింది. 65 కిలోల మనిషికి ఆ లెక్కన ఆరేడు కిలోలు. 20 ఏళ్ల వయసులో మీ బరువెంతో, ప్యాంటు నడుమెంతో ఒకసారి గుర్తు తెచ్చుకోండి, చాలామందికి తేడా అక్కడే తెలిసిపోతుంది.

మరి అన్నం మానేయాలా?

మానక్కర్లేదు, కానీ ఎంత తింటున్నామో చూసుకోవాలి, నిజంగా కళ్లతో చూసుకోవాలి.

ఒక ఆదివారం నేను మామూలుగా తినే మధ్యాహ్నం అన్నాన్ని కంచంలో పెట్టుకుని, కూర కలపకముందే వంటింటి కాటా మీద తూచాను. 420 గ్రాములు. అంటే దాదాపు 115 గ్రాముల పిండిపదార్థం, ఆ పూటకే, పప్పు, చారు, పెరుగు కాకుండా. నాకు ఆకలి వేసి అంత తింటున్నానా అంటే లేదు, అమ్మ ‘ఇంకొక్క హస్తం వేసుకో నాన్నా’ అంటుంది, కంచంలో పప్పుకి ఒకటి, కూరకి ఒకటి, చారుకి ఒకటి, పెరుగుకి ఒకటి, అలా మనకు అన్నం నాలుగు విడతలు. వంకాయ కూర, దొండకాయ వేపుడు, అన్నీ అన్నానికి నంజుడు స్థాయిలోనే ఉంటాయి.

నేను చేసిందల్లా ఆ కంచాన్ని తిరగేయడం. ముందు కూర సగం కంచం, నూనె తగ్గించి చేసినది, బెండకాయ, బీరకాయ, సొరకాయ, గోంగూర ఏదైనా సరే. పావు కంచం గట్టి పప్పో, రెండు గుడ్లో, చేప ముక్కలో. మిగిలిన పావులో అన్నం, ఒకటే హస్తం, 120 గ్రాములు. కూరలో అన్నం కలుపుకుని తిన్నట్టు ఉంటుంది. మొదటి పది రోజులు కడుపు నిండినా మనసు నిండేది కాదు, మజ్జిగ పెద్ద గ్లాసుతో తాగేవాణ్ని. అమ్మ మూడు వారాలు బాధపడింది, నాలుగో వారం నా పరగడుపు 118 చూసి తనే చిన్న హస్తం కొని తెచ్చింది.

పొద్దున ఇడ్లీకి బదులు పెసరట్టు, ఉప్మా లేకుండా. టీలో చక్కెర పూర్తిగా మానేశాను. సాయంత్రం మిక్చర్ పొట్లాలు ఇంట్లోకి తేవడం ఆపేశాను, ఇంట్లో ఉంటే తినకుండా ఉండడం నావల్ల కాదు.

రాగి జావ, కొర్రన్నం తింటే చాలదా?

మంచివే, పీచు ఉంటుంది. అయితే రాగుల్లోనూ కొర్రల్లోనూ నూరు గ్రాములకి 60 నుంచి 70 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మెత్తటి పిండితో పల్చగా కాచిన జావ గబుక్కున రక్తంలోకి చేరుతుంది, తాగి రెండు గంటల తర్వాత మీటరు పెట్టి చూసుకోండి. కంచం నిండా కొర్రన్నం కంటే చిన్న గిన్నెడు వరి అన్నమే మేలు.

కాకరకాయ రసం, మెంతులు, నేరేడు గింజల పొడి?

కాకరకాయ కూర వండుకోండి, మెంతులు పోపులో వేసుకోండి, వాటితో నాకు పేచీ లేదు. కానీ లివర్లో పోగైన కొవ్వుని కరిగించే పొడి ఏదీ లేదు. డబ్బా మీద పేర్లు లేకుండా ‘40 రోజుల్లో షుగర్ మాయం’ అని అమ్మే పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్, మెట్‌ఫార్మిన్ లాంటి అల్లోపతి మందులు కలిపి అమ్మిన సందర్భాలు ఎన్నో బయటపడ్డాయి. అందుకే ‘వేసుకున్న మూడో రోజే దిగింది’ అనిపిస్తుంది. ఎంత మోతాదు పడిందో తెలియని మందు అది, షుగర్ డౌన్ అయ్యి పెద్దవాళ్లు పడిపోతారు. మా దగ్గరి బంధువొకాయన ఇలాగే డాక్టరు మందు ఆపి పొడి మీద ఎనిమిది నెలలున్నారు. సరిగ్గా ఆ ఎనిమిది నెలలే ఆయన ఒళ్లు కోలుకోగలిగిన కాలం.

ఆ 800 కేలరీల పద్ధతి ఇంట్లో నేనే మొదలుపెట్టొచ్చా?

డాక్టరుకి చెప్పకుండా వద్దు. కారణాలు చెబుతాను. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుంటూ, లేదా ఇన్సులిన్ తీసుకుంటూ తిండి ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది, చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలతో ఉపవాసాలు చేస్తే, షుగర్ నంబరు మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది, వాంతులు, ఆయాసం వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. బీపీ మాత్రలు కూడా తగ్గించాల్సి రావచ్చు. డైరెక్ట్ పరిశోధనలో మొదటి రోజే షుగర్, బీపీ మందులు ఆపేశారు, కానీ పర్యవేక్షణలో. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఈ దారి అసలు పట్టొద్దు.

నేను అంత కఠినంగా చేయలేదు. రోజుకి 1,200 ప్రాంతంలో ఉంచుకుని ఏడు నెలలు తీసుకున్నాను. నిదానంగా తగ్గినా తగ్గిన బరువుకే విలువ.

రోజూ గంట నడుస్తున్నాను, అయినా తగ్గదేం?

గంట నడకలో ఖర్చయ్యేది రెండు మూడు వందల కేలరీలు, తిరిగొస్తూ టిఫిన్ సెంటర్లో ఒక ప్లేటు పూరీ తింటే తిరిగి వచ్చేస్తాయి. బరువు దిగేది ప్రధానంగా కంచం దగ్గరే. కానీ నడక మానకండి, దాని పని వేరు. కండరం కదులుతున్నప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని చక్కెరని లాక్కుంటుంది. అందుకే పొద్దున్నే గంట నడవడంతో పాటు, తిన్న ప్రతిసారీ పదిహేను నిమిషాలు మేడ మీదో వీధిలోనో తిరగండి. వారంలో రెండు మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకి ఆనుకుని పుషప్స్, నీళ్ల బిందె ఎత్తడం, ఏదైనా బరువు పని చేయండి. మనలో అసలే తక్కువగా ఉండే కండ, బరువు తగ్గేటప్పుడు ఇంకా పోకుండా ఉండాలి.

మందు మొదలుపెడితే ఒళ్లు దానికి అలవాటైపోతుందట, నిజమేనా?

ఈ భయం వల్ల జరిగే నష్టం చాలా ఎక్కువ. చైనాలో కొత్తగా షుగర్ బయటపడిన 382 మంది మీద చేసిన పరిశోధన 2008లో వచ్చింది. మొదట్లోనే కొద్ది వారాలు గట్టిగా ఇన్సులిన్ ఇచ్చి షుగర్ దించి ఆపేస్తే, ఏడాది తర్వాత కూడా పంపు ద్వారా తీసుకున్నవాళ్లలో 51 శాతం, ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లలో 45 శాతం మంది మందు లేకుండా ఉన్నారు, మాత్రలతో దించినవాళ్లలో 27 శాతం. ఎక్కువ షుగర్ కూడా బీటా కణాలకి విషమే, త్వరగా దించితే వాటికి విశ్రాంతి దొరుకుతుంది. కాబట్టి డాక్టరు మొదట్లోనే ఇన్సులిన్ రాస్తే ‘ఇక అయిపోయింది’ అని ఇంటిల్లిపాదీ ఏడవక్కర్లేదు.

టైప్ 1 వాళ్లకి ఇది పనికొస్తుందా?

రాదు. అక్కడ ఒంటి రక్షణ వ్యవస్థే బీటా కణాల్ని చంపేస్తుంది, ఇన్సులిన్ ఒక్కరోజు ఆపినా ప్రాణాపాయం. పెద్ద వయసులో కూడా టైప్ 1 లాంటిది రావచ్చు. ఏ ప్రయత్నం లేకుండా వేగంగా చిక్కిపోతుంటే, మాత్రలకి లొంగకపోతే, ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చూపే సీ-పెప్టైడ్, రక్షణ వ్యవస్థ బీటా కణాల మీద దాడి చేస్తోందా చూపే యాంటీబాడీ పరీక్షల గురించి డాక్టరుని అడగండి.

తగ్గాక ఇక పరీక్షలు మానేయొచ్చా?

వద్దు. ఏడాదికి కనీసం ఒకసారి హెచ్‌బీఏ1సీ, కంటి రెటీనా, కిడ్నీ, పాదాల పరీక్షలు చేయించుకోవాలి. షుగర్ ఎక్కువగా ఉన్న ఏళ్లలో కంటికి జరిగిన నష్టం నంబరు దిగగానే చెరిగిపోదు. నేను ప్రతి సోమవారం పొద్దున బరువు చూసి వంటింటి క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో రాస్తాను. 67 మీద రెండు కిలోలు పెరిగితే, అంటే 69 కనిపిస్తే, రాత్రి అన్నం ఆపి రెండు వారాలు కూర, గుడ్డు, మజ్జిగతో సరిపెడతాను. నాలుగేళ్లలో అలా మూడుసార్లు చేయాల్సి వచ్చింది, రెండుసార్లు సంక్రాంతి తర్వాత, ఒకసారి మా చెల్లి కూతురి పెళ్లి తర్వాత.